బీర వేరు మీద కాకర

మెదక్‌లో ఎవరింట్లో పెళ్లయినా, చావయినా ముందు ఫోను పోయేది బిక్షపతికే. ఆయనకు టెంట్ హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు, మైకు సెట్టు కిరాయికి ఇస్తాడు. మైకు ఇచ్చి ఊరుకునే మనిషి కాదు. మీటింగు ఎవరిదైనా సరే, వైర్లు బిగించాక మొదటి నాలుగు మాటలు ఆయనవే. వచ్చినవాళ్లను వరసలు పెట్టి పలకరించి, మంచినీళ్లు ఎక్కడున్నాయో, భోజనాలు ఎటువైపో చెప్పిగాని మైకు వదలడు. ఆ గొంతు రాందాస్ చౌరస్తా దాకా వినిపిస్తుందని అందరూ అంటారు, ఆయన కాదనడు.

అంతటి మాటకారికి ఒక్కగానొక్క కూతురు కృతిక. ఆ పిల్లకు నత్తి.

మాట లోపల తయారుగానే ఉండేది. నాలుక మీది దాకా వచ్చి అక్కడ బిగుసుకుపోయేది. కొన్ని అక్షరాలు కనికరించేవి, కొన్ని కనికరించేవి కావు. అన్నిటికంటే మొండిది 'క'. తన పేరే దానితో మొదలు. ఎవరైనా కొత్తవాళ్లు "నీ పేరేంది బిడ్డా" అని అడిగితే చాలు, ఒళ్లంతా చెమట పట్టేది. చిన్నప్పుడు నాయనమ్మ వస కొమ్ము అరగదీసి నాలుకకు రాసింది. పెద్దయ్యాక హైదరాబాద్ దవాఖానాకు తిప్పారు. కొంత తగ్గింది, మళ్లీ వచ్చింది. ఎదురైన ప్రతివాళ్లూ "నిమ్మలంగ చెప్పు" అనేవాళ్లు. అది వినగానే ఉన్న నిమ్మళం కూడా పోయేది.

బిక్షపతి మాత్రం ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఆయన పద్ధతి వేరు. కూతురు ఎక్కడ ఆగితే అక్కడ తను అందుకునేవాడు. దుకాణంలో, బస్సులో, బడిలో, చుట్టాలిళ్లలో ఆమె సగం మాట అంటే మిగతా సగం ఆయన నోట్లోంచి వచ్చేది. పిల్ల నలుగురిలో చిన్నబోకూడదని ఆయన తాపత్రయం. చాలాసార్లు సరిగ్గానే పూర్తి చేసేవాడు. తప్పు చెప్పినప్పుడు కూడా కృతిక తలూపేది. మళ్లీ మొదటి నుంచి చెప్పడం కంటే తలూపడం సులువు. అలా తనకు అక్కర్లేని రంగు చున్నీలు, తినని మిఠాయిలు ఇంటికి ఎన్ని వచ్చాయో ఆమెకే తెలుసు.

డిగ్రీ రెండో ఏడులో ఉండగా ఆన్‌లైన్‌లో చైనీస్ భాష నేర్పుతారని కాలేజీలో చెప్పారు. పాఠం చెప్పేది హైదరాబాద్‌లో ఉండే సుమన మేడమ్. కృతిక చేరింది భాష మీద ఇష్టంతో కాదు. ఆన్‌లైన్ క్లాసులో అందరి మైకులూ మూసి ఉంటాయి, ఎవరూ మాట్లాడించరు అన్న ధైర్యంతో చేరింది. కానీ మొదటి రోజే మేడమ్ ఒక్కొక్కరినీ మైకు తెరవమంది. చైనీస్‌లో ఒకే 'మా' నాలుగు రకాలుగా పలుకుతుందట. గొంతు సమంగా పట్టి అంటే అమ్మ, వంచి లేపితే గుర్రం, కిందికి కొడితే తిట్టు. కృతిక వంతు వచ్చింది. కళ్లు మూసుకుని అన్నది. నాలుగూ నాలుగు మెట్లు దిగినట్టు ఆగకుండా వచ్చాయి.

"బాగుంది, మళ్లీ చెప్పు" అన్నది మేడమ్. మళ్లీ చెప్పింది. మళ్లీ వచ్చాయి.

బతుకమ్మ పాటలు పాడేటప్పుడు తనకు నత్తి రాదని కృతికకు తెలుసు. ఈ భాషలో ప్రతి ముక్కకూ ఒక రాగం ఉంది. పాడినట్టు పలికితే చాలు. ఆ రోజు నుంచి పొద్దున్నే లేచి గోదాములోకి పోయేది. మడతపెట్టిన షామియానాల మధ్య కూర్చుని గంటలకొద్దీ చైనీస్ చదివేది. ఒకసారి కుర్చీల కోసం వచ్చిన బిక్షపతి గుమ్మంలోనే నిలబడిపోయాడు. లోపల తన కూతురు ఎక్కడా ఆగకుండా మాట్లాడుతూ ఉంది. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంట్లోకి పోయి భార్య కౌసల్యను చెయ్యి పట్టుకుని తెచ్చి వినిపించాడు. ఇద్దరూ చప్పుడు చేయకుండా విని, చప్పుడు చేయకుండానే వెళ్లిపోయారు. ఈ సంగతి కౌసల్య చాలా రోజుల తర్వాత చెప్పింది.

డిగ్రీ అయిపోయే ముందు సుమన మేడమ్ ఫోను చేసింది. తైవాన్‌లో తైనాన్ అనే ఊళ్లో ఒక యూనివర్సిటీ ఉంది. అక్కడ ఏడాది పాటు పొద్దున భాష క్లాసులు, మధ్యాహ్నం ఏదైనా కంపెనీలో ఇంటర్న్‌షిప్. కూరగాయల విత్తనాలు అమ్మే కంపెనీ ఒకటి తెలుగు తెలిసిన విద్యార్థి కోసం చూస్తున్నది. చైనీస్‌లోనే వీడియో ఇంటర్వ్యూ ఉంటుంది.

ఇంటర్వ్యూ రోజు కృతిక ల్యాప్‌టాప్ ముందు కూర్చునేసరికి బిక్షపతి ఒక కుర్చీ తెచ్చి తెరలో కనపడకుండా పక్కన వేసుకున్నాడు.

"నేనుంట బిడ్డా. నువ్వు ఆగినకాడ అందుకుంట."

కృతిక ఆయన వైపు చూసింది. "గా భాషల... నువ్వేం అందుకుంటవ్ నాయినా?"

బిక్షపతి ముందు నవ్వాడు. తర్వాత ఆలోచించాడు. కుర్చీ తీసుకుని బయటికి పోయి, తలుపు దగ్గరగా వేసి, అరుగు మీద కూర్చున్నాడు.

తెరలో కనపడిన మనిషి యాభై ఏళ్ల ఆడమనిషి. పేరు ఫాంగ్. మధ్యలో కాగితం కోసం లేచినప్పుడు చూస్తే, ఆఫీసులో కూడా బురద బూట్లతోనే ఉంది. సుమన మేడమ్ కృతికకు 'అన్‌యా' అని చైనీస్ పేరు పెట్టింది. ఆ పేరుకు 'క' అడ్డం లేదు. పేరు చెప్పింది, ఊరు చెప్పింది, మెదక్ చుట్టూ వరి ఎంత పండుతుందో చెప్పింది. ఒక్కచోట కూడా ఆగలేదు. వారం తిరక్కుండానే రమ్మని కబురు వచ్చింది. కౌసల్య చింతపండు, మామిడికాయ తొక్కు కట్టి ఇచ్చింది. బిక్షపతి చౌరస్తాలో కనపడినవాళ్లందరికీ చెప్పాడు.

"తెలుగుల ఆగుతది గాని గా భాషల మా బిడ్డ ఎక్కడ ఆగది. నేను చెవులార ఇన్న."

తైనాన్‌లో ఎండ మెదక్ ఎండలాగే ఉంది. పొద్దున క్లాసులు. మధ్యాహ్నం ఊరి చివర ఉన్న విత్తనాల కంపెనీకి సైకిల్ మీద పోయేది. వలల పందిళ్ల కింద కాకరకాయలు వేలాడుతూ ఉండేవి. అందులో కొన్ని పాలలా తెల్లగా ఉండేవి. తెల్ల కాకర చూడడం ఆమెకు అదే మొదలు. చైనీస్‌లో కాకరను 'ఖూగ్వా' అంటారు, చేదు కాయ అని అర్థం. ఇండియాకు పోయే విత్తనాల పని చూసేది ఫాంగ్. ఆఫీసులో అందరూ ఆమెను 'ఫాంగ్ జ్యె' అనేవాళ్లు. జ్యె అంటే అక్క. మన దగ్గరి డీలర్లు తెలుగులో, హిందీలో పంపే మాటలను చైనీస్‌లోకి మార్చడం, ఫాంగ్ జ్యె చెప్పింది తిరిగి వాళ్లకు చెప్పడం కృతిక పని.

ఆ మొదటి నెలలు ఆమె జీవితంలో ఎన్నడూ ఎరగని నెలలు. బజారులో ఏం కావాలో అడిగి తెచ్చుకునేది. క్లాసులో చెయ్యి ఎత్తేది. దారి తప్పితే ఎవరినైనా ఆపి అడిగేది. తనకు నత్తి ఉందని అక్కడ ఎవరికీ తెలియదు. ఆమె చెప్పలేదు. ఇంటికి ఫోను చేసినప్పుడు కృతిక ఆగుతూనే ఉండేది. ఫోను పెట్టేశాక అన్‌యా మళ్లీ గలగలా మాట్లాడేది. సంతోషంగానే ఉంది. కాకపోతే ఎవరిదో పట్టుచీర అడిగి కట్టుకుని పెళ్లికి వచ్చినట్టు, మరక పడుతుందేమోనని లోపల ఒక బెదురు ఉండేది.

మరక పడనే పడింది. తెలంగాణలో ఒక డీలరు, కాకర విత్తనాలు మొలకెత్తలేదని గొడవ పెట్టుకున్నాడు. రైతులు నీళ్లు సరిగా కట్టలేదని రాసెయ్యమన్నది ఫాంగ్ జ్యె. కృతికకు అది అన్యాయమనిపించింది. మే నెల ఎండలో మన దుకాణాలు ఎలా ఉంటాయో ఆమెకు తెలుసు. ప్యాకెట్లు దుకాణం ముందర ఎండకు మాడి ఉంటాయి. రైతుల తప్పు ఎందుకవుతుంది? గబగబా మొదలుపెట్టింది. మీరన్నది తప్పు, ఆ కాకర విత్తనాలు, అంటూ 'ఖూగ్వా' దగ్గర బిగుసుకుపోయింది.

ఖూ... ఖూ... గొంతు తెరుచుకోలేదు. మెడ నరాలు లాగాయి. కళ్లు వాటంతటవే మూసుకున్నాయి. చిన్నప్పటి నుంచి ఎరిగిన బిగువే, సముద్రాలు దాటి వచ్చింది.

ఫాంగ్ జ్యె ఆమె వైపే తిరిగి కూర్చుంది. టీ కప్పు తీసుకుని ఒక గుక్క తాగింది. మాట అందించలేదు, నిమ్మళంగా చెప్పమని అనలేదు, జాలిగా చూడలేదు. తర్వాతి మాట కోసం చూస్తున్నట్టు చూసింది. కృతిక ఎలాగో పూర్తి చేసింది. బయటికి పోయి, కాకర పందిరి కింద కూర్చుని ఏడ్చింది.

ఆనాటి నుంచి ఆ బిగువు రోజూ వచ్చింది. ఉన్న ఒక్క చోటు కూడా పోయిందనుకున్నది కృతిక. నత్తిని ఆ భాషలో ఏమంటారో వెతికింది. రెండు అక్షరాలు. ఒకటి నోరు, ఒకటి తినడం. మాటను నోరే తినేస్తుందన్నమాట. ఆ రెండక్షరాలూ ఫోనులో ఫాంగ్ జ్యెకు చూపించి, "నాకు ఇది ఉంది. ఫోన్లు మాట్లాడే పని ఇంకొకరికి ఇవ్వండి" అన్నది.

ఫాంగ్ జ్యె అక్షరాలు చూసింది. "నువ్వు మొన్న చెప్పింది నిజమే. ప్యాకెట్లు ఎండలోనే ఉన్నాయట. డీలరు ఒప్పుకున్నాడు" అన్నది. లేస్తూ, "ఫోన్లు నువ్వే చూడు" అని బూట్లు టకటకలాడిస్తూ పందిళ్లలోకి పోయింది.

అంతకు మించి ఆ మాట వాళ్ల మధ్య మళ్లీ రాలేదు. ఇంట్లో మాత్రం కృతిక చెప్పలేకపోయింది. నాయిన చౌరస్తాలో ఏమని చెప్పుకుంటున్నాడో అమ్మ ఫోనులో చెబుతూనే ఉండేది.

ఏడాది పూర్తి కావస్తుండగా కంపెనీ మెదక్‌లో రైతుల మీటింగు పెట్టాలనుకున్నది. ఫాంగ్ జ్యె వస్తుంది, ఇంటర్న్‌షిప్‌లో చివరి పనిగా కృతిక ఆమె మాటలు తెలుగులో చెప్పాలి. మార్కెట్ యార్డులో షెడ్డు తీసుకున్నారు. కుర్చీలూ మైకూ ఎవరివో వేరే చెప్పనక్కర్లేదు.

వానలు పడే ముందు రోజులు. హవేలిఘనపూర్ నుంచి, శంకరంపేట నుంచి రైతులు వచ్చారు. కృతిక పొద్దున్నుంచీ నాయినకు చెబుదామని చూసింది. ఆయన ఒకసారి నిచ్చెన మీద, ఒకసారి స్పీకరు వెనక. చేతికి దొరికినప్పుడు ముఖం చూస్తే చెప్పబుద్ధి కాలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పెళ్లికొడుకు తండ్రిలాగ ఉన్నాడు.

మీటింగు మొదలైంది. ఎప్పటిలాగే ముందు బిక్షపతి మాట్లాడి, కూతురికి మైకు ఇచ్చి, చేతిలో ఇంకో మైకు పట్టుకుని పక్కకు నిలబడ్డాడు. ఫాంగ్ జ్యె విత్తనం గురించి చెప్పింది, కృతిక తెలుగులో చెప్పింది. రెండు మూడుచోట్ల ఆగింది, అయినా నడిచింది. తర్వాత శంకరంపేట వీరయ్య లేచాడు. అరవై ఏళ్ల మనిషి, తలకు తువ్వాల.

"అమ్మా, నాకు ఎకరం కాకర ఉన్నది. చుట్టూత వరి. వానకాలం వచ్చిందంటె మడి నీళ్లు ఊటపట్టి కాకర వేరు కుళ్లుతది. ఇత్తనం ఎంత మంచిదైతే ఏం ఫాయిద? గీ ముచ్చట ఆ మేడమ్‌ను అడుగు."

కృతిక ఫాంగ్ జ్యె వైపు తిరిగి చైనీస్‌లో మొదలుపెట్టింది. నాలుగు మాటలు సాఫీగా పోయాయి. 'ఖూగ్వా' దగ్గర ఆగింది. ఖూ... స్పీకర్లలోంచి ఆ ఒక్క అక్షరం షెడ్డంతా కొట్టుకుంటూ తిరిగింది.

కుర్చీల్లో కదలిక వచ్చింది. పక్కనుంచి నాయిన అడుగు ముందుకు వేయడం ఆమెకు కనపడింది. ఇరవై ఏళ్ల అలవాటు. మైకు నోటి దగ్గరికి పోయింది. నోరు తెరుచుకుంది. అందులో అందించడానికి మాట లేదు. బిక్షపతి అలాగే నిలబడ్డాడు. రాందాస్ చౌరస్తా దాకా వినిపించే మనిషి చెయ్యి కిందికి దించాడు. కూతురి ముఖం వైపు చూశాడు. ఆమె పలికేదాకా, అందరితోపాటు తనూ చూశాడు.

మాట వచ్చింది. ప్రశ్న పూర్తయింది. ఫాంగ్ జ్యె చాలాసేపు చేతులతో చూపిస్తూ జవాబు చెప్పింది. కృతిక రైతుల వైపు తిరిగింది.

"క... కాకరను నేరుగ నాటొద్దంటున్నరు. వేరే మొక్క మీద అంటు కట్టాల్నట. వాళ్ల దగ్గర నీళ్లు నిలిచే భూములల్ల గట్లనే చేస్తరు. పైన కాకర ఉంటది. కింద వేరు... వేరు మాత్రం బ... బ..."

"బెండ" అన్నాడు ముందు వరసలో ఒకాయన.

"బెండకు కాకర ఎట్ల అతుకుతది? బుడమ అయ్యుంటది" అన్నాడు ఆ పక్కాయన.

"బూడిద గుమ్మడి అంటున్నది బిడ్డ" అని వెనకనుంచి ఇంకెవరో అందించారు. అన్నీ ఆమెకు సాయం చేద్దామని అన్న మాటలే. కృతికకు పాత అలవాటు గుర్తుకు వచ్చింది. ఏదో ఒకదానికి తలూపితే ఈ బిగువు అయిపోతుంది. కానీ వీరయ్య నిలబడే ఉన్నాడు. తలూపితే ఆయన పోయి బెండ వేరుకు అంటు కడతాడు. ఆమె తల అడ్డంగా ఆడించింది.

స్పీకర్లు గరగరమన్నాయి.

"జర ఆగుండ్రి" అన్నాడు బిక్షపతి. "ఆమెకు తెల్సు. ఆమెనే చెప్తది."

ముందు వరసవాళ్లు కుర్చీల్లో వెనక్కి ఆనుకున్నారు. ఎవరో దగ్గారు. పైన రేకుల మీద పావురాలు గీరాయి. కృతిక తొందరపడలేదు.

"బీర" అన్నది. "బీర వేరు. నీళ్లల్ల ఉన్నా బీర వేరు జల్ది కుళ్లదు. గా వేరు మీద కాకర కాస్తది."

"బీరనా" అన్నాడు వీరయ్య. కాసేపు ఆలోచించాడు. "అయితే చూడొచ్చు" అని కూర్చున్నాడు.

తర్వాత ఇంకా చాలామంది అడిగారు. కృతిక రెండు భాషల్లోనూ ఆగుతూనే చెప్పింది. మళ్లీ ఎవరూ మాట అందించలేదు.

మీటింగు అయ్యాక ఆకాశం మబ్బు పట్టింది. కుర్చీలు తడుస్తాయని బిక్షపతి గబగబా ఎత్తుతుంటే ఫాంగ్ జ్యె కూడా చెయ్యి వేసి ఒకదానిలో ఒకటి పేర్చడం మొదలుపెట్టింది.

"అయ్యో, వద్దని చెప్పు బిడ్డా."

"చెప్పిన. ఇనదు."

బిక్షపతి ఇంకో వరస కుర్చీలు మోశాడు. తర్వాత ట్రాలీ దగ్గర నిలబడి అన్నాడు. "నువ్వు గా భాషల ఆగవనుకున్న."

"మొదట్ల ఆగలే నాయినా. తర్వాత వచ్చింది."

"ఎందుకొచ్చింది?"

"తెల్వదు."

"మేడమ్‌ను అడుగు."

కృతిక అడిగింది. ఫాంగ్ జ్యె చేతిలోని కుర్చీ దించి, దాని మీదే కూర్చుని, బిక్షపతి వైపు చూస్తూ చెప్పింది. తన గురించి తనే తెలుగులో చెప్పాల్సి రావడంతో కృతిక తల వంచుకుని చెప్పింది.

"కొత్తల నేను పాఠం అప్పజెప్పినట్టు మాట్లాడేదాన్నట. ఒక్క తప్పు ఉండకపోయేదట. ఆమె ఏం చెప్పినా అవునవును అనేదాన్నట. ఒకనాడు నీది తప్పని లొల్లి పెట్టుకున్న. గానాడే మొదటిసారి ఆగిన. గప్పటిసంది నేను నిజంగ మాట్లాడుతున్న అనుకుంటదట ఆమె."

బిక్షపతి తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. ఫాంగ్ జ్యె వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు.

"నిన్ను డిగ్రీల చేర్పిచ్చిననాడు సారు ఏ గ్రూపు అని అడిగిండు. నువ్వేదో చెప్పబోయినవ్. నేను బీకాం అన్న. నువ్వు తలూపినవ్" అన్నాడు. "ఏం చెప్పబోయినవ్ బిడ్డా?"

కృతిక నవ్వింది. "బ..." అన్నది. ఆగింది. ఆయన కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. రెండు చినుకులు పడ్డాయి. "బయాలజీ."

"నాకు తోచనే లేదు" అన్నాడు బిక్షపతి.

"పోనీ నాయినా. గిప్పుడు గదే పని చేస్తున్న గద."

ఏమంటున్నారని ఫాంగ్ జ్యె అడిగింది. కృతిక ఆ మాటలు కూడా చైనీస్‌లో చెప్పింది. ముగ్గురూ కలిసి మిగతా కుర్చీలు ట్రాలీలోకి ఎక్కించారు. ఆ రాత్రి కౌసల్య మక్క గారెలు చేసింది. ఫాంగ్ జ్యె కారానికి కన్నీళ్లు పెట్టుకుంటూనే పళ్లెం ఖాళీ చేసింది.

జులైలో కంపెనీ కృతికను ఉద్యోగంలోకి తీసుకున్నది. కొన్నాళ్లు తైనాన్‌లో, కొన్నాళ్లు ఇక్కడి పొలాల్లో తిరిగే పని. శంకరంపేట వీరయ్య ఆ వానాకాలమే నాలుగు సాళ్లలో బీర వేరు మీద కాకర అంటు కట్టి చూశాడు. సగం బతికాయి, సగం పోయాయి. ఆ పోయిన సగం ఎందుకు పోయాయో చెప్పమని కృతికకు ఫోను చేశాడు. ఆమె చెప్పింది. కొంచెంసేపు పట్టింది. వీరయ్య చివరిదాకా విని, వచ్చే పంటకాలం మళ్లీ అంటు కట్టి చూస్తానన్నాడు.